మూడంగుళాలు

ఊరికే వచ్చేదేదీ నాకు నమ్మబుద్ధి కాదు. పక్కింటి కివీ పెద్దాయన, ఈ న్యూజీలాండ్ మనిషే, చలి మొదలయ్యే రోజుల్లో తన పెరట్లో రాలిన, జామకాయల్లాంటి ఫీజోవా పళ్ళు కాగితపు సంచీలో పోసి మా గుమ్మం దగ్గర పెట్టి పోతాడు. మేము మౌంట్ ఆల్బర్ట్‌లో ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ పెడుతూనే ఉన్నాడు. నేనూ అప్పటినుంచీ ఆ సంచీని బయట చెక్క డెక్ మీదే కుమ్మరించి, ఒక్కో పండూ తిప్పి చూసి, పుచ్చు లేదని తేల్చుకున్నాకే లోపలికి తెస్తున్నాను. "అమ్మా, ఆయన జస్ట్ నైస్‌గా ఉంటున్నాడు, అంతే" అంటుంది మా అమ్మాయి హారిక. నైస్‌గా ఉండడానికి కూడా ఏదో ఒక కారణం ఉంటుందని నా నమ్మకం.

ఈ గుణం నాకు మా అమ్మ ఇచ్చింది. పాలమనిషి పాలు పోయగానే అమ్మ ఒక చుక్క తీసి బొటనవేలి గోటి మీద వేసుకునేది. చుక్క జారితే నీళ్ళు కలిపాడని తగువు. జారకపోతే, చిక్కదనానికి ఇంకేం కలిపాడో అని రోజంతా దిగులు. మంచి పాలు అనేవి మా అమ్మ జీవితంలో ఒక్కసారి కూడా రాలేదు. చిన్నప్పుడు నవ్వుకునేదాన్ని. ఇప్పుడు సూపర్‌మార్కెట్‌లో పాల క్యాన్ల మీద తేదీలు చదువుతూ, వెనక వరస నుంచి లాగి తీసుకుంటూ, అచ్చం అమ్మలాగే పెదవి విరుస్తున్నానని హారిక వీడియో తీసి చూపించింది.

ఈ మధ్య ఒక శనివారం హారిక వంటింట్లోకి వచ్చి, చాలాసేపు నీళ్ళు తాగుతూ నిలబడింది. అలా నిలబడిందంటే చెప్పలేని మాటేదో ఉందని అర్థం. "అమ్మా, మా ఆఫీసులో కయల్ అని ఉంది, ఆ అమ్మాయి వాళ్ళ తాతగారు చెన్నై నుంచి వచ్చారు. హామిల్టన్‌లో రోటోటూనా వైపు ఉన్నారు. నిన్ను చూడాలంటున్నారు" అంది. పేరు అడిగాను. పొన్నుదురై అంది. గరిట నా చేతిలోనే ఉండిపోయింది. అంతకుముందు నెల మా ఇంట్లో, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ భోజనాలప్పుడు ఎవరో, "ఆంటీ, మీరు మద్రాసులో సినిమావాళ్ళ మధ్య పెరిగారట కదా" అని కదిపితే, నేను వరసపెట్టి చెప్పుకొచ్చాను. పొన్నుదురై అనే కెమెరామన్ మా నాన్న మీద తప్పు తోసి, ఆయన బతుకు మీద కాలు పెట్టి డైరెక్టరయ్యాడని, పేరుతో సహా, ఇరవైమంది ముందు. ఒక తమిళ పిల్ల ప్లేటు పక్కన పెట్టేసి బయటికి వెళ్ళిపోవడం చూశాను కానీ, పులిహోర కారమయిందేమో అనుకున్నాను. ఆ పిల్లే కయల్. ఇప్పుడు ఆ మనిషి గంటన్నర కారులో కూర్చుని నన్ను వెతుక్కుంటూ వస్తున్నాడు. వచ్చే నెలలో ఇక్కడి సంఘంవాళ్ళు ఆయనకు సన్మానం చేస్తున్నారని కూడా హారిక చెప్పింది. నా నోరు మూయించడానికే వస్తున్నాడని నాకు వెంటనే తెలిసిపోయింది.

మద్రాసులో మా ఇల్లు సాలిగ్రామంలో ఉండేది. రెండు గదులూ, ఒక వసారా, వెనక బట్టలారేసే దండెం. మా వంటింట్లో మిగతా ఇళ్ళలో లేని సామాను ఒకటుండేది: ఫిలిం డబ్బాలు. గుండ్రంగా, పల్చగా ఉండే ఆ రేకు డబ్బాల్లో అమ్మ అప్పడాలు, వడియాలు, ఎండు కరివేపాకు దాచేది. ఎన్నిసార్లు సీకాయతో తోమినా మూత తీయగానే ముందు ఏదో పుల్లటి మందు వాసన తగిలి, ఆ తర్వాతే ఇంగువ వాసన వచ్చేది. ఫిలిం చుట్టి వచ్చే నల్లకాగితం నా పుస్తకాల అట్టలకు పనికొచ్చేది. క్లాసులో అందరి పుస్తకాలూ ఖాకీ రంగులో ఉంటే నావి మాత్రం అమావాస్యలా ఉండేవి. నాన్న చొక్కాలకు లెన్సు తుడిచే స్పిరిట్ వాసన. ఆ వాసన వీధి మలుపులో ఉండగానే నాకు తెలిసిపోయేది.

నాన్న పేరు రాఘవయ్య. తెనాలి దగ్గర నుంచి మద్రాసు వచ్చి కెమెరా అసిస్టెంటుగా స్థిరపడినవాడు. ఫోకస్ చూడడం ఆయన పని. అప్పట్లో అదంతా టేపుతోనే జరిగేది. గుడ్డ టేపు కొసకు ఒక ఇత్తడి రింగు ఉంటుంది. దాన్ని కెమెరాకున్న కొక్కేనికి తగిలించి, టేపును నటి కంటిదాకా లాగి, అక్కడ పడిన అంకె చూసుకుని, లెన్సు మీద అంత దూరం తిప్పి పెట్టాలి. రెండంగుళాలు తేడా వస్తే తెరమీద కన్ను మసకబారుతుంది. ఆ పని ఆయన ఒంట్లోకి ఇంకిపోయి, భోజనాల దగ్గర కూడా ఆగేది కాదు. "అమ్మడూ, నువ్వు నాకు నాలుగడుగుల ఏడంగుళాల దూరంలో కూర్చున్నావు" అనేవాడు. నేను లేచి టేపు పట్టుకొచ్చి కొలిచేదాన్ని. ఎప్పుడూ తప్పేది కాదు. అంగుళం అటూ ఇటూ అయితే నేనే కదిలానని తేల్చేవాళ్ళం. "నాకు కన్ను లేదమ్మా, దూరం తెలుసు, అంతే. కన్ను ఉన్నవాడు దురై" అనేవాడు.

దురై అంటే పొన్నుదురై. మేము దురైమామ అనేవాళ్ళం. తిరునెల్వేలి వైపు నుంచి వచ్చి, లాబొరేటరీలో ఫిలిం కడిగే తొట్లు తోముతుంటే, నాన్నే చూసి కెమెరా డిపార్టుమెంటులో చేర్పించాడట. మూడు నాలుగేళ్ళలో ఆయన నాన్నను దాటి కెమెరామన్ అయిపోయాడు. నాన్నకు అందులో ఏ కష్టమూ కనిపించలేదు. కష్టమంతా అమ్మకే. ఆ మనిషిని మొదటి రోజు నుంచీ అమ్మ అనుమానించింది. మాట్లాడేటప్పుడు మన కళ్ళలోకి చూడడు, మన చెంప మీద వెలుతురెక్కడ పడుతోందో చూస్తాడు. ఒకరోజు వసారాలో కాఫీ తాగుతూ, దండెం మీద ఆరేసిన తెల్ల దుప్పటి వైపు, ఆ పక్కన నిలబడ్డ అమ్మ ముఖం వైపు కన్నార్పకుండా చూశాడట. "ఆ చూపు నాకేం నచ్చలేదు" అని అమ్మ నాన్నకు గట్టిగానే చెప్పింది. మర్నాడు దురైమామ వచ్చి, "అక్కా, ఆ దుప్పటి ఒక్క దినం ఇస్తావా" అని అడిగి పట్టుకుపోయాడు. లైట్లన్నీ ఆర్పించి, కిటికీ వెలుతురును ఆ దుప్పటి మీదినుంచి హీరోయిన్ ముఖం మీదికి మళ్ళించాడు. ఆ సినిమాతో ఆయనకు పేరొచ్చింది. దుప్పటి మాత్రం మట్టికొట్టుకుని తిరిగొచ్చింది. "నా దుప్పటి మీద పైకొచ్చాడు" అని అమ్మ ఎంతకాలమో అంది.

తర్వాత ఆయన డైరెక్టర్ కావాలనుకున్నాడు. ఒక నిర్మాత కూడా ఒప్పుకున్నాడు. మా వసారాలో కూర్చుని, నా ఎదుటే, "రాఘవన్నా, నా సినిమాకి నువ్వే కెమెరామన్" అన్నాడు. నాన్న నవ్వి ఊరుకున్నాడు కానీ, ఆ వారమంతా గడ్డం గీసుకుంటూ పాట పాడుకోవడం నేను విన్నాను. దానికి ముందు దురైమామ కెమెరామన్‌గా ఒప్పుకున్న చివరి సినిమా ఒకటి పూర్తి కావలసి ఉంది.

ఆ ఏడే మాకు స్కూల్లో కుట్టుపని మొదలైంది. నాకు పిచ్చి పట్టినట్టే పట్టింది. సూది ఒకటి, చిలకాకుపచ్చ దారం రీలు ఒకటి నా ఆస్తి. వేరే రంగు అమ్మ కొనివ్వలేదు. అందుకని మా ఇంట్లో దిండుగలీబుల నుంచి మసిగుడ్డ దాకా, అన్నిటి అంచులకూ చిలకాకుపచ్చ కుట్లే. చిరుగు కనిపిస్తే ప్రాణం లేచొచ్చేది. ముందు పీచులు లేచిన చోటు చక్కగా కత్తిరించాలి, ఆ తర్వాతే మడిచి కుట్టాలి అని టీచరు చెప్పిన పాఠం నాకు మంత్రంలా ఉండేది. కుట్టు గట్టిగానే వచ్చేది. ముడి మాత్రం లోపలికి దాచడం రాక పైనే వేసేదాన్ని, దానికే టీచరు మార్కులు తీసేసేది.

అలాంటి రోజుల్లోనే, సినిమా చివరి షెడ్యూల్లో, హీరోయిన్ క్లోజప్పులు తీసిన రోజు పనంతా పాడయింది. లాబొరేటరీ నుంచి వచ్చిన ఫిలిం వేసి చూస్తే ఆ అమ్మాయి చెవి జూకాలు రాళ్ళతో సహా మెరుస్తున్నాయి, కళ్ళు మాత్రం పొగమంచులో ఉన్నట్టున్నాయి. ఆమె అప్పటికే వేరే సినిమాకు బొంబాయి వెళ్ళిపోయింది, మళ్ళీ తీసే వీలు లేదు. నాన్న అందరిముందూ లేచి, "నా చెయ్యి జారింది" అన్నాడట. ఆ రోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చేశాడు. చేతిలో ఒక చిన్న అట్టపెట్టె. విప్పితే పన్నెండు రంగుల దారం రీళ్ళు. "అమ్మడూ, నీకే" అని నా ఒళ్ళో పెట్టాడు. అమ్మకు సంగతి తెలిసి తల బాదుకుంది. "పని పోయినరోజు దారాలు కొనుక్కొస్తారా ఎవరైనా? మీకు మతి పోయిందా ఏవండీ?" నాన్న కాళ్ళు కడుక్కుని పడుకున్నాడు. నేను మాత్రం ఆ రీళ్ళు వరసగా పేర్చుకుని ఎంత సంతోషపడ్డానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఆ తర్వాత కొత్త సినిమా నిర్మాత నాన్న పేరు వద్దన్నాడు. దురైమామ మా ఇంటికి రావడం మానేశాడు. సినిమా విడుదలయితే, దర్శకత్వంతో పాటు ఛాయాగ్రహణం కూడా ఆయన పేరే. అమ్మకు అన్నీ అతికినట్టు సరిపోయాయి. "చూశారా? కెమెరా తనే పెట్టుకోవాలనుకున్నాడు. అడ్డు తొలగించుకున్నాడు. ఆ లెన్సును అతనే ఏదో చేసి ఉంటాడు." నాన్న అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆ మౌనాన్ని మేము అవునుగానే రాసుకున్నాం. నాన్న వడపళనిలో చిన్న ఫోటో స్టూడియో పెట్టి, పాస్‌పోర్టు ఫోటోలు తీసుకుంటూ మిగిలిన జీవితం గడిపాడు. దూరం చెప్పే ఆట మళ్ళీ ఆడలేదు. టేపు ఏదని ఒకసారి అడిగితే పోయిందన్నాడు. అటు దురైమామ సినిమాలు వరసగా ఆడాయి, ఒకటి రెండు తెలుగులో మళ్ళీ తీశారు, తర్వాత ఆడడం మానేశాయి, చివరికి టీవీ సీరియళ్ళు తీస్తున్నాడని విన్నాను. మా ఇంట్లో ఆయన సినిమా చూడడం నిషేధం. ఒకసారి నాన్న చొక్కాకు బొత్తాం కుడుతూ జేబులో సగం చింపిన టికెట్టు చూశాను, ఆయన సినిమాదే. అమ్మకు చెప్పలేదు. నాన్న మీద కూడా నాకు అనుమానం మొదలైంది ఆ రోజే.

అన్న రోజుకు ఆయన వచ్చాడు. ఎనభై దాటిన మనిషి, రెండు స్వెటర్లు వేసుకుని, హారిక చెయ్యి పట్టుకుని మెట్లెక్కాడు. కయల్ నా ఇంటి గడప తొక్కనని కారులోనే కూర్చుంది. ఆయన సోఫాలో కూర్చోగానే అలవాటుగా నా ముఖం కాక, అద్దాల తలుపులోంచి నా చెంప మీద పడే ఎండను చూశాడు. "ఈ ఊరి వెలుతురుకి దయ లేదు మా. ముసలివాళ్ళని దాచదు" అన్నాడు. హారిక కాఫీ ఇచ్చి కయల్ దగ్గరికి వెళ్ళింది. ఆయన కాఫీ ముట్టుకోలేదు. నేనేదైనా కలిపానని అనుమానిస్తున్నాడేమో అని నాకు అనుమానం వచ్చింది.

ఇక ఆగలేక అడిగేశాను. "దేనికొచ్చారు? సన్మానంలో నాలుగు మంచి మాటలు చెప్పమనా, చెడ్డవి చెప్పొద్దనా?"

"సన్మానం వద్దని చెప్పేసినాను" అన్నాడాయన. "నా మనవరాలు అడిగింది మా. తాతా, నువ్వు అట్లా చేసినావా అని. నేను పలకలేదు. పలకాలంటే ఇంకొకరి పేరు చెప్పాల. ఆ పేరు చెప్పనని రాఘవన్నకి మాట ఇచ్చినాను. అందుకే ఇది నీకే ఇస్తామని వచ్చినాను."

స్వెటర్ జేబులోంచి గుండ్రటి తోలు డబ్బీ తీసి బల్ల మీద పెట్టాడు. నాన్న టేపు. చేత్తో పట్టుకోగానే స్పిరిట్ వాసన వచ్చిందనుకున్నాను. వచ్చి ఉండదు, ఇన్నేళ్ళ తర్వాత ఎలా వస్తుంది? ఇత్తడి రింగు పట్టుకుని మెల్లగా లాగాను. రింగు పక్కన ఒకటి ఉండాలి, ఆ తర్వాత రెండు, మూడు. అవి లేవు. టేపు నాలుగుతో మొదలైంది. రింగును గుడ్డకు పట్టి ఉంచినవి చిలకాకుపచ్చ కుట్లు. ముడి పైనే ఉంది.

ఒక్కసారిగా అంతా గుర్తొచ్చింది. ఆదివారం మధ్యాహ్నం, నాన్న నిద్రపోతున్నాడు. రింగు దగ్గర టేపు పీచులు లేచి, రేపో మాపో ఊడేలా ఉంది. కొత్తది కొనుక్కోమని అమ్మ ఎన్నిసార్లు చెప్పినా నాన్న వినడంలేదు. లేచి చూసి ఆశ్చర్యపోవాలని, పాడైనంత మేరా చక్కగా కత్తిరించి, గట్టిగా కుట్టి, మళ్ళీ డబ్బీలో పెట్టేశాను. తర్వాత స్కూలు, హోంవర్కు, ఆ గొడవ. ఆశ్చర్యపోయాడా అని అడగడం కూడా మరిచిపోయాను.

అప్పుడు కూడా నా బుద్ధి పోనిచ్చుకోలేదు. "ఇప్పుడు పదేళ్ళ పిల్ల మీదకి తోస్తున్నారా?" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. "చెయ్యి జారితే ఒకసారి ముందుకి జారతాది, ఒకసారి వెనక్కి జారతాది. ఆ దినం తీసిన ప్రతి షాటూ ఒకే లెక్కన వెనక్కి పోయింది. కన్ను పోయి చెవి వచ్చింది. అప్పుడే ఇది చెయ్యి కాదు, టేపు అనుకున్నాను. ఇద్దరం మూలకి పోయి తీసి చూసినాము. అంకె చూసేది నటి ముఖం దగ్గర కదా, రింగు దగ్గర ఎవరు చూస్తారు? మూడంగుళాలు తెగిన టేపు ముఖం దగ్గర మూడు ఎక్కువే చూపిస్తాది. పచ్చదారం చూసి మీ నాన్న నవ్వినాడు మా. నిజం, నవ్వినాడు. 'దురై, ఇది బయటపడితే యూనిట్టంతా మా పిల్ల గురించే చెప్పుకుంటారు. అది జన్మలో సూది పట్టుకోదు' అన్నాడు. టేపు నా జేబులో పెట్టి, బయటికి పోయి చెయ్యి జారిందని చెప్పేసినాడు."

"మరి కెమెరా మీరెందుకు పెట్టుకున్నారు?"

"ఆయనకి ఇస్తానన్నది వేరేవాళ్ళకి ఇవ్వబుద్ధి కాలేదు." కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు. చేతులు వణుకుతున్నాయి, అందుకే ఇందాక ముట్టుకోలేదని అప్పుడు అర్థమైంది. "ప్రొడ్యూసర్‌ని నేను ఇంకా గట్టిగా అడగొచ్చు. అడగలేదు. మొదటి సినిమా, భయపడినాను. ఆ తప్పు నాది. దాన్ని నీ కుట్టు మీద వెయ్యను."

ఆ చివరి మాట ఆయన అనకపోయుంటే నేను ఇప్పటికీ నమ్మేదాన్ని కాదేమో. పాలచుక్క గోటి మీద నిలిచి, తగువుకు దారి లేని రోజు మా అమ్మకు ఎలా ఉండేదో నాకు అలా ఉంది. అమ్మ యాభై ఏళ్ళు ఒక మనిషిని తిట్టుకుంటూ పోయింది. నేను సముద్రాలు దాటి వచ్చి కూడా ఆ తిట్టు జాగ్రత్తగా మోసుకొచ్చి, ఈ ఊళ్ళో పులిహోరతో పాటు వడ్డించాను. అప్పట్లో తప్పు చేసిన నన్ను దాచడానికి ఇద్దరు మగవాళ్ళు తమ పేర్లు పాడుచేసుకున్నారు. ఇప్పుడు నేను ఒక పేరు పాడుచేయడానికి ఒక భోజనం వేళ సరిపోయింది.

చెప్పులు కూడా వేసుకోకుండా, ఎండలోనే మొదలైన వాన తుంపరలో కారు దగ్గరికి వెళ్ళాను. హారిక పక్కకు జరిగింది. కయల్ అద్దం సగమే దించింది. ఆ పిల్ల కళ్ళలో ఉన్న అనుమానం నాకు బాగా తెలిసినది, మా ఇంటి సరుకే. "కయల్, మీ తాతగారు ఏ తప్పూ చేయలేదమ్మా. చేసింది నేను" అన్నాను. తెలుగు సగమే అర్థమైందేమోనని, నాకొచ్చిన ఇంగ్లీషులో మళ్ళీ చెప్పాను. టేపు తీసి ఆ పచ్చ కుట్లు చూపించాను. పాట్‌లక్‌కు వచ్చిన వాళ్ళందర్నీ మళ్ళీ పిలిచి ఇదే చెబుతానన్నాను. కయల్ ఆ ముడిని వేలితో తడిమి చూసి, తలుపు తీసుకుని దిగి, నాతో లోపలికి వచ్చింది.

వాళ్ళు వెళ్ళిపోయాక రింగును తలుపు గడియకు తగిలించి, నాన్న కూర్చునే దూరంలో కూర్చుని టేపు లాగి చూసుకున్నాను. ఇన్నేళ్ళయినా ఒక్క కుట్టు కూడా వదులు కాలేదు. నాన్న చొక్కాలకు బొత్తాలన్నీ ఆయన పోయేదాకా నేనే కుట్టాను. చొక్కా తెచ్చి నా ఒళ్ళో వేసి, పక్కనే కూర్చుని పేపరు చదువుకునేవాడు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారైనా, చూసి కుట్టమ్మా అనలేదు.